విశాఖ డాబా మీద సోలార్: ఏళ్ల వాడకం తర్వాత తేలిన లెక్కలు

నెలకు 250 యూనిట్లు దాటి వాడే ఇల్లు, రోజంతా నీడ పడని డాబా ఉంటే సోలార్ గిట్టుబాటవుతుంది. 150 యూనిట్లలోపే సరిపోయే ఇంటికి తొందరేమీ లేదు. విశాఖలో మూడు కిలోవాట్ల ఆన్‌గ్రిడ్ సిస్టమ్‌ను, అంటే బ్యాటరీ లేకుండా కరెంటు లైనుకే కలిపేదాన్ని, ఏళ్లుగా వాడుతూ, చుట్టుపక్కల మేడల మీద ఏది నిలిచిందో ఏది పాడైందో గమనిస్తూ వచ్చాక చెబుతున్న మాట ఇది. ఈ ఊళ్లో పెట్టిన డబ్బు తిరిగి వస్తుందా అన్నది రెండు విషయాలే తేలుస్తాయి. మీ బిల్లు ఏ స్లాబు దాకా వెళ్తోంది? ప్యానెళ్ల కింది ఇనుము ఉప్పుగాలికి ఎన్నాళ్లు ఆగుతుంది? ప్యానెల్ కంపెనీ పేరు గురించి జనం పడే మథనంలో సగం ఈ రెండింటి మీద పెడితే చాలు.

ముందు బిల్లు. రాష్ట్రంలో 2022-23లో వచ్చిన గృహ స్లాబుల ప్రకారం మొదటి 30 యూనిట్లకు యూనిట్ 1.90 రూపాయలు, 75 దాకా 3, 125 దాకా 4.50, 225 దాకా 6, 400 దాకా 8.75, ఆపైన 9.75. సోలార్ యూనిట్లు బిల్లును పైనుంచి కోసుకుంటూ వస్తాయి, అంటే ఖరీదైన యూనిట్లే ముందు పోతాయి. 400 యూనిట్లు కాల్చే ఇంటికి ఎనర్జీ ఛార్జీ 2,548 రూపాయలు. ఒక కిలోవాట్ నుంచి నెలకు సగటున 115 యూనిట్లు వస్తాయనుకుంటే, మొదటి కిలోవాట్ 1,006 రూపాయలు మిగులుస్తుంది. రెండోది 855. మూడోది 555 మాత్రమే. సర్దుబాటు ఛార్జీలు, డ్యూటీ ఈ లెక్కలో కలపలేదు. ఫిక్స్‌డ్ ఛార్జీ ఎలాగూ పోదు.

ఇప్పుడు పెట్టించేవాళ్లకు 2024 ఫిబ్రవరిలో మొదలైన పీఎం సూర్యఘర్ పథకం కింద మొదటి రెండు కిలోవాట్లకు కిలోవాట్‌కు 30,000, మూడోదానికి 18,000, మొత్తం 78,000 సబ్సిడీ. అంతకుమించి ఎన్ని కిలోవాట్లు పెట్టినా అదే 78,000. మూడు కిలోవాట్లు రెండు లక్షల దరిదాపుల్లో పడితే, చేతి ఖర్చు లక్షా ఇరవై రెండు వేలు. ఏడాది పొడవునా సగటున 400 యూనిట్లు వాడే ఇంటికి ఏటా 29,000 మిగులుతుంది కాబట్టి నాలుగేళ్లు దాటాక పెట్టుబడి చేతికొచ్చేస్తుంది. 250 యూనిట్ల ఇంటికి రెండు కిలోవాట్లు చాలు, సబ్సిడీ పోను 80,000 అవుతుంది, ఐదున్నరేళ్లు పైచిలుకు పడుతుంది. ఆ ఇంటికి మూడో కిలోవాట్ దండగ. మిగులు యూనిట్లకు డిస్కం (కరెంటు పంపిణీ సంస్థ) ఇచ్చే ధర, మనం కొనే యూనిట్ ధర కన్నా బాగా తక్కువ. 150 యూనిట్ల ఇంటికి ఒక్క కిలోవాట్ పెట్టినా ఎనిమిదేళ్లు పడుతుంది. ‘ఎలాగూ పెడుతున్నారు, ఐదు కిలోవాట్లు వేయించేయండి సార్’ అనే సేల్స్ కుర్రాడికి ఏడాది బిల్లులు ముందు పెట్టి, నాలుగో కిలోవాట్ ఏ స్లాబును కోస్తుందో లెక్క వేసి చూపించమని అడగండి. 2025 సెప్టెంబరు 22 నుంచి సోలార్ పరికరాలపై జీఎస్టీ 12 నుంచి 5 శాతానికి దిగింది. కొటేషన్‌లో ఆ తగ్గింపు ఉందో లేదో చూసుకోండి. సబ్సిడీ కావాలంటే దేశంలో తయారైన సెల్స్‌తో చేసిన డీసీఆర్ ప్యానెళ్లే పెట్టాలి.

ఉత్పత్తి అన్ని నెలలూ ఒకేలా ఉండదు. ఎండ బాగా కాసే మార్చి, ఏప్రిల్‌లో కిలోవాట్‌కు రోజుకు నాలుగున్నర నుంచి ఐదు యూనిట్లు వస్తాయి. మేలో ఎండ ఎంత ముదిరినా ఉత్పత్తి పెరగదు, ఎందుకంటే ప్యానెల్ వేడెక్కిన కొద్దీ ప్రతి డిగ్రీకి 0.35 శాతం చొప్పున శక్తి తగ్గుతుంది. జూలై, ఆగస్టుల్లో మూడు యూనిట్లు రావడం కష్టం. వాయుగుండం పట్టిన రోజుల్లో ఒకటి కూడా రాదు. మూడు కిలోవాట్లకు సేల్స్ కాగితం మీద ‘నెలకు 360 యూనిట్లు’ అని రాసి ఉంటే అది మంచి నెల లెక్క.

ఇక ఇనుము సంగతి. ఎంవీపీ కాలనీ, లాసన్స్ బే, పెదవాల్తేరు, రుషికొండ వైపు మామూలు జీఐ (జింకు పూత ఇనుము) నట్లు బోల్టులు చాలా త్వరగా ఎర్రబడతాయి. స్ట్రక్చర్‌కు వేడి జింకు తొట్టిలో ముంచి తీసిన గాల్వనైజింగ్, కనీసం 80 మైక్రాన్ల పూత అని ఒప్పందంలో రాయించండి. బోల్టులు స్టెయిన్‌లెస్ స్టీల్ 304 తప్పనిసరి, సముద్రానికి దగ్గరైతే 316. పైన మెరిసే ‘ప్రీ జీఐ’ (రేకుగా ఉన్నప్పుడే జింకు పూసిన) గొట్టాలకు పూత పల్చన. అసలు చేటు పైపు కొన్నప్పుడు కాదు, డాబా మీద పని జరిగేటప్పుడు మొదలవుతుంది. గ్రైండర్‌తో కోసిన అంచు దగ్గర, డ్రిల్ వేసిన కన్నం దగ్గర, వెల్డింగ్ పెట్టిన చోట జింకు పోతుంది. తుప్పు అక్కడే పుట్టి పూత కిందకు పాకుతుంది. డాబా మీద వెల్డింగ్ వద్దని ముందే చెప్పండి, అన్నీ బోల్టు జాయింట్లే ఉండాలి. తప్పక కోసిన అంచులకు జింకు ఎక్కువున్న కోల్డ్ గాల్వనైజింగ్ పెయింటు రెండు పూతలు వేయించాలి. అల్యూమినియం ఫ్రేము నేరుగా ఇనుప పట్టీకి తగిలితే, ఉప్పు తేమ చేరి అల్యూమినియం తెల్లటి పొడిగా రాలుతుంది, కాబట్టి మధ్యలో రబ్బరు గానీ నైలాన్ గానీ వాషరు ఉండాలి. ప్యానెళ్లకు సముద్రపు ఉప్పు పరీక్ష, అంటే ఐఈసీ 61701 సర్టిఫికెట్ ఉందేమో అడగండి.

తర్వాత గాలి. భారత ప్రమాణం ఐఎస్ 875 లెక్కలో విశాఖ ప్రాథమిక డిజైన్ గాలి వేగం సెకనుకు 50 మీటర్లు. 2014 అక్టోబరు 12న హుద్‌హుద్ ఈ ఊరి మీదుగానే తీరం దాటింది, కనుక ఇది కాగితం మీది లెక్క కాదని ఇక్కడివాళ్లకు వేరే చెప్పక్కర్లేదు. ఆ వేగానికి చదరపు మీటరుకు 150 కిలోల ఒత్తిడి పుడుతుంది. 540 వాట్ల ప్యానెళ్లు ఆరు పెడితే పదిహేను చదరపు మీటర్లు, అంటే మొత్తం రెండు టన్నులకు పైనే. పైకి లేపే బలం వంపును, ఎత్తును బట్టి ఇందులో కొంత భాగమే ఉంటుంది. కానీ నాలుగు కాళ్లకు నాలుగు కాంక్రీటు దిమ్మెలు, ఒక్కోటి రెండు వందల కిలోలు పెట్టి ‘ఇక కదలదు’ అంటే నమ్మకండి. కాళ్లను శ్లాబుకు, వీలైతే కింద దూలం ఉన్న వరుసలోనే, కెమికల్ యాంకర్లతో (కన్నంలో జిగురు పోసి దించే బోల్టులతో) బిగించాలి. కన్నం చుట్టూ వాటర్‌ప్రూఫ్ గ్రౌటు పోసి, ఆపైన దిమ్మె కట్టాలి. ఆ వరస తప్పితే ఒక్క వానాకాలంలోనే కింది గది సీలింగు చెమ్మగిల్లుతుంది.

కింద బట్టలారేసుకోవచ్చని ఎనిమిది, పది అడుగుల ఎత్తున పందిరిలా వేయించుకునే వాడుక ఇక్కడ ఎక్కువ. సౌకర్యమే, కాదనను. కానీ గాలికి ఎదురెళ్లేది అదే. అంత ఎత్తు కావాలంటే అడ్డకర్రల్లా క్రాస్ బ్రేసింగ్ నాలుగు వైపులా ఉండాలి, ఇనుము మందం పెరగాలి, ఖర్చు పెరుగుతుంది. అవసరం లేకపోతే పిట్టగోడ ఎత్తుకు మించకుండా వేయించండి. విశాఖ అక్షాంశం 17.7 డిగ్రీలు, దక్షిణానికి ఇంచుమించు అంతే వంపు ఇస్తే ఏడాది ఉత్పత్తి బాగుంటుంది. పది డిగ్రీలకు దించినా నష్టం ఒక శాతం దగ్గరే. తుపాను ఊరికి పది డిగ్రీలే మంచి బేరం. ఏటా సెప్టెంబరు చివర్లో, తుపానుల కాలానికి ముందు, బోల్టులన్నీ స్పానర్‌తో ఒకసారి బిగించి చూడాలి.

నీడ విషయంలో ఒక్క ముక్క. వాటర్ ట్యాంకు నీడ, పక్కింటి కొబ్బరిచెట్టు, ఆరిలోవ, అడవివరం వైపైతే కొండ నీడ ఎంతసేపు పడుతుందో డిసెంబరు ఎండలో చూడాలి. వేసవిలో సర్వే చేసి ‘నీడ లేదు’ అంటే అది సగం నిజమే.

మల్కాపురం, శ్రీహరిపురం, గాజువాక, పాతపట్నం మేడల మీద నల్లదుమ్ము పడుతుంది, వానలు లేని నెలల్లో వారానికోసారి కడగాలి. మిగతా చోట్ల పదిహేను రోజులకోసారి చాలు. ఎండెక్కాక కాలే గాజు మీద చన్నీళ్లు పోస్తే పగుళ్లొచ్చే ప్రమాదం ఉంది, కాబట్టి తెల్లవారుజామునే కడగండి. ఉప్పు బోరు నీళ్లు ఆరిపోయాక తెల్ల మరకలు వదులుతాయి, కుళాయి నీళ్లు వాడండి. సబ్బుపొడి, పీచు అక్కర్లేదు, మెత్తటి మాప్ చాలు. పావురాల రెట్ట ఎండితే వానకు కూడా పోదు. ఒక్క సెల్ కప్పినా అక్కడ వేడి చేరి ఆ భాగం పాడవుతుంది.

దరఖాస్తు పీఎం సూర్యఘర్ పోర్టల్‌లోనే. సర్వీసు నంబరు కొట్టి, నమోదైన వెండర్‌ను ఎంచుకుని, పని పూర్తయ్యాక ఇక్కడి డిస్కం ఏపీఈపీడీసీఎల్ తనిఖీ, వచ్చే యూనిట్లనూ పోయే యూనిట్లనూ విడిగా లెక్కించే నెట్ మీటర్, ఆ తర్వాత బ్యాంకులోకి సబ్సిడీ. చాలామంది చిక్కుకునేది పేరు దగ్గర. సర్వీసు ఇంకా నాన్నగారి పేరునో, ఇల్లు అమ్మినవారి పేరునో ఉంటే ముందు పేరు మార్పించుకోండి. ఇంకో జాగ్రత్త: ప్యానెళ్లు బిగించాక, నెట్ మీటర్ రాకముందు సిస్టమ్ ఆన్ చేయకండి. పాత డిజిటల్ మీటర్లలో చాలావరకు బయటికెళ్లే యూనిట్లను కూడా వాడకంగానే లెక్కేస్తాయి, బిల్లు తగ్గకపోగా పెరుగుతుంది. నెట్ మీటర్ వచ్చాక యాప్‌లో చూపించే ఉత్పత్తి, బిల్లులో ఎక్స్‌పోర్ట్ (లైనులోకి పంపిన యూనిట్లు) ఒకటి కావని ఇంట్లో అందరికీ చెప్పండి. పగలు ఇంట్లో వాడేసినది మీటర్ దాకా పోదు.

ఏళ్ల మీద వచ్చే లోపాల్లో మొదటిది, ప్యానెళ్ల డీసీ కరెంటును ఇంటికి పనికొచ్చే ఏసీగా మార్చే ఇన్వర్టర్ మధ్యాహ్నం ఆగిపోవడం. తెర మీద గ్రిడ్ ఓవర్ వోల్టేజ్ అని వస్తుంది. ఇన్వర్టర్ చెడిపోలేదు. ఇన్వర్టర్ నుంచి మీటర్ దాకా 30 మీటర్ల దూరానికి 2.5 చదరపు మిల్లీమీటర్ల రాగి వైరు వేస్తే, మూడు కిలోవాట్ల దగ్గర ఆ వైరులోనే ఆరు వోల్టులు పెరుగుతుంది. 6 చదరపు మిల్లీమీటర్లైతే రెండున్నర. వైరు మార్చినా ఆగితే అది ట్రాన్స్‌ఫార్మర్ ట్యాప్ (వీధి వోల్టేజ్ పెంచే, తగ్గించే అమరిక) సంగతి, ఆ వీధి వోల్టేజ్ కొలిచి లైన్‌మన్‌తో మాట్లాడాలి. రెండోది వాన కురిసిన మర్నాడు పొద్దున్నే వచ్చే ఐసొలేషన్ ఫాల్ట్, అంటే వైర్ల నుంచి కరెంటు నేలకు కారడం. శ్లాబు మీద నీళ్లలో పడున్న ఎంసీ4 కనెక్టర్లే (ప్యానెళ్ల వైర్లను కలిపే ప్లగ్గులు) దానికి కారణం. వాటిని ఫ్రేము కిందే ఎత్తి కట్టాలి. వేర్వేరు కంపెనీల ఆడ, మగ కనెక్టర్లు కలిపితే వదులై వేడెక్కి కరుగుతాయి, ఒకే కంపెనీవి పెట్టించండి. మూడోది పిడుగులు. డీసీ, ఏసీ, మెరుపు వాహకం మూడింటికీ విడివిడి ఎర్త్ గుంటలు ఉండాలి. పెట్టెలోని సర్జ్ ప్రొటెక్టర్ (పిడుగు వోల్టేజీని అడ్డుకునేది) కిటికీ ఎర్రబడితే దాన్ని మార్చేదాకా రక్షణ లేనట్టే. ఎండు నేలలో ఎర్తింగ్ బలహీనపడుతుంది, వేసవిలో గుంటకు నీళ్లు పోయండి.

కరెంటు పోతే ఆన్‌గ్రిడ్ సోలార్ కూడా ఆగిపోతుంది. స్తంభం మీద పనిచేసే మనిషికి ప్రాణహాని జరగకుండా పెట్టిన ఏర్పాటు అది. తుపాను తర్వాత రోజుల తరబడి కరెంటు లేకపోతే ఈ ప్యానెళ్లు మీ ఫ్యాను తిప్పవు. రోజువారీ చిన్న కోతలకు ఇంట్లో ఉన్న మామూలు ఇన్వర్టర్ బ్యాటరీ సరిపోతుంది. లిథియం బ్యాటరీ కలిపితే పెట్టుబడి తిరిగొచ్చే గడువు ఏళ్లు సాగుతుంది. వైద్య పరికరాలు నడవాల్సిన ఇంటికి మాత్రమే అది సబబు.

డబ్బు చెల్లించేటప్పుడు పది శాతం నెట్ మీటర్ బిగించేదాకా ఆపండి. ఇన్వర్టర్ వారంటీ ప్యానెల్ వారంటీ కన్నా బాగా తక్కువ, అందుకే పదో ఏడు దాటాక ఒక కొత్త ఇన్వర్టర్ ఖర్చు లెక్కలో వేసుకోవాలి. ప్యానెళ్ల సీరియల్ నంబర్లు ఫొటో తీసి, ఇన్వాయిస్‌తో పాటు దాచండి. వెండర్ దుకాణం మూసేసినా తయారీదారుతో మాట్లాడటానికి అవే ఆధారం. ఇంటి బీమా ఉంటే పాలసీలో సోలార్‌ను, తుపాను నష్టంతో సహా, రాతపూర్వకంగా చేర్పించండి.