‘128 జీబీ రెస్క్యూ పెన్‌డ్రైవ్’ కొనేముందు ఇది చదవండి

పాడైన కంప్యూటర్‌ను బాగుచేసే టూల్స్ అన్నీ వేసి సిద్ధంగా ఉంచామంటూ అమ్ముతున్న ఆ 128 జీబీ పెన్‌డ్రైవ్‌ను దయచేసి ఎవరూ కొనకండి. దుకాణం పేరు రాయడం లేదు. మన ఊళ్లో కంప్యూటర్ సామాన్లు కొనేవాళ్లకు చెప్పనక్కరలేదు కూడా.

మా అక్క ల్యాప్‌టాప్‌లో విండోస్ పాడైంది, డిస్క్ బాగానే ఉంది. పెన్‌డ్రైవ్‌తో బూట్ చేసి (అంటే పాడైన విండోస్‌తో పనిలేకుండా పెన్‌డ్రైవ్ నుంచే ల్యాప్‌టాప్‌ను నడిపి), ఫైళ్లన్నీ అందులోకే తీసుకుని, డిస్క్ ఫార్మాట్ చేసి విండోస్ మళ్లీ ఎక్కించాలి. దుకాణంలో ఈ మాట విడమరిచి చెప్పే అడిగాను. “కూర్చోండి సార్, 128 జీబీ కదా, మీ ల్యాప్‌టాప్‌లో ఉన్నదంతా ఇందులోనే పడుతుంది” అన్నది ఆయనే. పదిహేను వందలు తీసుకున్నాడు.

బూట్ అయింది. కాపీ కూడా ఒక్క ఎర్రర్ లేకుండా పూర్తయింది. ఫార్మాట్ అయ్యాక తెరిచి చూస్తే ఫోల్డర్లున్నాయి, పేర్లున్నాయి, సైజులున్నాయి. అక్క పదో తరగతి పిల్లల కోసం ఏళ్లుగా టైపు చేసుకున్న భౌతికశాస్త్రం నోట్సు, ‘కాంతి పరావర్తనం’ అన్న ఫైలు, కళ్లెదుటే ఉంది. నొక్కితే తెరుచుకోదు. ఫైలు లోపలి అంకెలను ఉన్నదున్నట్టు చూపించే హెక్స్ ఎడిటర్‌లో చూస్తే మొదటి నుంచి చివరిదాకా సున్నాలే.

దక్కిన కొద్ది ఫైళ్లను వేరేచోట దాచి, పెన్‌డ్రైవ్ ఖాళీ చేసి, అసలు మెమరీ ఎంతుందో పరీక్షించే హెచ్2టెస్ట్‌డబ్ల్యూ (H2testw) అనే ప్రోగ్రామ్ నడిపాను. అసలు మెమరీ 8 జీబీ కూడా లేదు. పెన్‌డ్రైవ్‌ను నడిపించే కంట్రోలర్ చిప్‌లోని ప్రోగ్రామ్‌ను మార్చి 128 అని అబద్ధం చెప్పిస్తారు. నిజమైన మెమరీ నిండాక రాసినదంతా గాలికి పోతుంది, అయినా కాపీ అయినట్టే కంప్యూటర్‌కు సమాధానం వస్తుంది. బూట్ ఫైళ్లు ఆ ఉన్న కొద్దిపాటి నిజమైన మెమరీలోనే ఉంటాయి కాబట్టి బూట్ మాత్రం చక్కగా అవుతుంది. మోసం దాగింది అక్కడే.

ఆ ఫలితం ఫోటో తీసుకుని దుకాణానికి వెళ్లాను. ఆయన ఫోను వైపు చూడనైనా లేదు. “బూట్ అవుతోందా లేదా? అవుతోంది కదా! నీ డేటా దాచుకోమని నేను చెప్పానా?” అన్నాడు. డబ్బు తీసుకున్నప్పటి ‘మీరు’ పోయి ‘నువ్వు’ వచ్చింది. పెన్‌డ్రైవ్‌ను వేలితో నా వైపు నెట్టి, పక్కన నిలబడ్డ కాలేజీ అబ్బాయికి అదే ప్యాకెట్ తీసి చూపించాడు. ఆ అబ్బాయికి అక్కడే విషయం చెప్పాను. “బేరం చెడగొట్టకు, బయటికి నడువు” అని అరిచాడు. డబ్బు పోయినందుకు కాదు, ఆ మాటకు నా ఒళ్లు మండిపోతోంది. మా అక్క రాత్రుళ్లు కూర్చుని రాసుకున్న పాఠాలవి. చెరిగిన ఫైళ్లను వెతికి తీసే ఫోటోరెక్ ప్రోగ్రామ్‌తో ల్యాప్‌టాప్ డిస్క్ నుంచి కొన్ని వెనక్కి వచ్చాయి, పేర్లు లేకుండా, కలగాపులగంగా. చాలావరకు పోయినట్టే.

ఆ టూల్స్ కోసం ఎవరికీ డబ్బు ఇవ్వనక్కరలేదు. కంప్యూటర్‌ను బాగుచేసే హైరెన్స్ బూట్ సీడీ పీఈ, సిస్టమ్ రెస్క్యూ, డిస్క్‌ను ఉన్నదున్నట్టు కాపీ చేసే క్లోనెజిల్లా అన్నీ ఉచితమే. నమ్మకమైన చోట బిల్లుతో ఖాళీ పెన్‌డ్రైవ్ కొని, రూఫస్, వెంటాయ్ లాంటి ప్రోగ్రామ్‌తో బూట్ అయ్యేలా మీరే తయారు చేసుకోండి. దానికి ముందు, ఖాళీగా ఉన్నప్పుడే హెచ్2టెస్ట్‌డబ్ల్యూతో పూర్తిగా పరీక్షించండి. గంటలు పట్టినా సరే ఆపకండి. లినక్స్ వాడేవాళ్లకు ఇదే పని చేసే ఎఫ్3 (F3) ఉంది. 128 జీబీకి విండోస్‌లో సుమారు 119 కనిపిస్తే కంగారు పడకండి, అది లెక్కించే పద్ధతిలో తేడా.

అక్కడ ఇప్పటికే కొన్నవాళ్లుంటే అందులోని ఫైళ్లను ఈరోజే ఒక్కొక్కటీ తెరిచి చూడండి, అసలు కాపీని అప్పటిదాకా చెరపకండి. జాతీయ వినియోగదారుల హెల్ప్‌లైన్ 1915కు నేను ఫిర్యాదు చేస్తున్నాను. మీరూ చేయండి.