గోల్ఫ్ కిట్‌కి ట్యాగ్ మేలా, ఇన్సూరెన్స్ మేలా?

డాలస్ చుట్టుపక్కల మనవాళ్లకి గోల్ఫ్ పిచ్చి బాగానే పట్టింది. 2022లో గోల్ఫ్ ప్రొఫెషనల్స్ సంఘం పీజీఏ ఆఫ్ అమెరికా తన హెడ్డాఫీసును పక్కనే ఉన్న ఫ్రిస్కోకి తెచ్చుకున్నాక మా గ్రూపులో క్రికెట్ బ్యాట్లు అటక మీదికెక్కి క్లబ్బులు (గోల్ఫ్ ఆడే కర్రలు) కార్లకెక్కాయి. దాంతోపాటే వారానికోసారి ఒకే ప్రశ్న: "అన్నా, బ్యాగ్‌లో ఎయిర్‌ట్యాగ్ పడేస్తే చాలా, ఇన్సూరెన్స్ కూడా చూసుకోవాలా?" (ఎయిర్‌ట్యాగ్ అంటే వస్తువు ఎక్కడుందో ఫోన్లో చూపించే ఆపిల్ బిళ్ల.) ఒక్కొక్కరికీ విడిగా టైప్ చేసే ఓపిక పోయింది. అందుకే ఇది.

ముందు నా కథ. పోయిన అక్టోబర్‌లో ఒక పబ్లిక్ కోర్సులో ఆట ముగించి, క్లబ్‌హౌస్ ముందున్న స్టాండుకి బ్యాగు ఆనించి కారు తేవడానికి వెళ్లాను. మహా అయితే ఐదు నిమిషాలు. తిరిగొచ్చేసరికి బ్యాగు ఉంది, అందులో డ్రైవర్, అదే బంతిని బాగా దూరం కొట్టే పెద్ద క్లబ్బు, లేదు. దాని తొడుగు మాత్రం కింద పడి ఉంది. బ్యాగ్‌లో ట్రాకర్ పెట్టుకున్న మొనగాణ్ని కదా, ఫోన్ తీసి చూస్తే వస్తువు మీ దగ్గరే ఉందని చూపిస్తోంది. నిజమే, బ్యాగు నా దగ్గరే ఉంది! ఆ రాత్రి ఫోన్లో "డ్రైవర్ పోయిందమ్మా" అంటే, మా అమ్మ పాపం ఎవరో మనిషి పోయాడనుకుని కంగారు పడింది.

ట్యాగ్‌తో ఉన్న అసలు ఇబ్బంది ఇదే. అది బ్యాగుని కాస్తుంది, క్లబ్బుని కాదు. ఎయిర్‌ట్యాగ్ వెడల్పు మూడు సెంటీమీటర్ల పైనే, క్లబ్బు పట్టుకునే పిడి లోపల పట్టదు. దొంగ తెలివైనవాడైతే బరువైన బ్యాగు జోలికి పోడు. కొత్తదైతే 600 డాలర్ల దాకా పలికే డ్రైవరో, మంచి పటరో (బంతిని గుంటలోకి నెట్టే క్లబ్బు) లాక్కుని పోతాడు.

మొత్తం బ్యాగే పోతే మాత్రం ట్యాగ్ పనికొస్తుంది, కాదనను. 29 డాలర్ల వస్తువు, బ్యాటరీ ఏడాది వస్తుంది. దానికి సొంతంగా జీపీఎస్ లేదు, చుట్టుపక్కల తిరిగే ఐఫోన్ల మీద ఆధారపడి బతుకుతుంది. డాలస్ లాంటి ఊళ్లో ఐఫోన్లకి కొదవ లేదు కాబట్టి ఆ చింత అక్కర్లేదు. కానీ ఎవరినీ రహస్యంగా వెంబడించకుండా పెట్టిన జాగ్రత్త ఉంది కదా, అదే దొంగకీ సాయం చేస్తుంది. "నీ వెంట ఎవరిదో ట్యాగ్ వస్తోంది" అని వాడి ఫోనే వాడికి చెప్పొచ్చు. 2023 నుంచి ఆండ్రాయిడ్‌లోనూ ఆ హెచ్చరిక ఉంది. చెప్పకపోయినా, మూడొందల ఫ్లాట్లున్న అపార్ట్‌మెంట్ మీద చుక్క పెట్టి చూపిస్తే ఏ తలుపు కొడతారు? దయచేసి మీరు మాత్రం వెళ్లి కొట్టకండి, ఇది తుపాకుల టెక్సస్. పోలీసులకి చెప్పండి, వాళ్లు ఎప్పుడు కదిలితే అప్పుడు.

ఇక ఇన్సూరెన్స్. దీని గురించి చాలామంది చెప్పేది సగమే. "హోమ్ పాలసీలో బయట పోయిన సామాను కూడా కవర్ అవుతుంది" అంటారు. అవుతుంది. క్లబ్బులు కారులోంచి పోయినా, కోర్సులో పోయినా సాధారణంగా లెక్కలోకి వస్తుంది. ఆ మాట అన్నవాళ్లు డిడక్టిబుల్ ఊసెత్తరు, అంటే కంపెనీ ఇచ్చే ముందు మన జేబులోంచి భరించాల్సిన మొత్తం. నా లెక్కలో అసలు తేల్చేది అదే.

టెక్సస్‌లో సొంత ఇళ్ల పాలసీల్లో డిడక్టిబుల్ చాలాసార్లు శాతంలో ఉంటుంది. ఇంటికి 5 లక్షల డాలర్ల కవరేజీ, డిడక్టిబుల్ ఒక శాతం అనుకోండి. మొదటి 5,000 మీరే భరించాలి. మీ కిట్ మొత్తం అమ్మినా 3,000 రాదు. అంటే ఆ పాలసీ ఉన్నా లేనట్టే. పైగా క్లెయిమ్ వేస్తే ఆ రికార్డు ఏడేళ్ల దాకా ఉండొచ్చు. రేపు వడగళ్లకి రూఫ్ పోయి నిజంగా అవసరం పడినప్పుడు ఇది గుర్తొస్తుంది. నేను ఏజెంటుకి ఫోన్ చేసి, లెక్క విని, థాంక్స్ చెప్పి పెట్టేశాను.

అద్దె ఇంట్లో ఉన్నవాళ్ల సంగతి వేరు. రెంటర్స్ పాలసీలో డిడక్టిబుల్ 500 ఉండటం మామూలే. 2,800 డాలర్ల కిట్ పోతే మిగతాది చేతికొస్తుంది. అది రీప్లేస్‌మెంట్ కాస్ట్ (కొత్తది కొనే ధర ఇచ్చే) పాలసీ అయితేనే సుమా. కాకపోతే తరుగు తీసేసి, పాత ఇనప సామాను కొట్టువాడు తూచినట్టు తూచి ఇస్తారు.

ఇల్లున్నవాళ్లకి దారి లేదా అంటే, ఉంది. అది మన ఆడవాళ్లకి ఎప్పట్నుంచో తెలుసు. మామూలు పాలసీలో నగల దొంగతనానికి 1,500 డాలర్ల దగ్గర గీత గీసేస్తారు కాబట్టి, బంగారాన్ని విడిగా పేరుపేరునా రాయించి రైడర్ (పాలసీకి జోడించే అదనపు కవరేజీ) తీసుకుంటారు కదా. ఆ ఫారాల్లో నగలు, కెమెరాలు, సంగీత వాయిద్యాల వరసలోనే గోల్ఫ్ సామాను కూడా ఉంటుంది. అలా రాయించిన వాటికి చాలా కంపెనీల్లో డిడక్టిబుల్ ఉండదు. ఒక్క డ్రైవర్ పోయినా క్లెయిమ్ వేసుకోవచ్చు. ప్రీమియం కంపెనీని బట్టి మారుతుంది, మీ ఏజెంటుని అడగండి.

అయితే రాయించాలంటే బిల్లులు కావాలి, ఫోటోలు కావాలి. చాలా క్లబ్బులకి తల దగ్గర మెడ మీద సీరియల్ నంబర్ చెక్కి ఉంటుంది, దాన్ని ఫోన్లో తీసి పెట్టుకోండి. దీనికి ఖర్చు సున్నా. పోలీసు రిపోర్టులో అదే పనికొస్తుంది. తాకట్టు కొట్లు (pawn shops) తీసుకున్న సామాను వివరాలు రాసి పోలీసులకి పంపాలి కాబట్టి అక్కడ దొరికే అవకాశమూ దాంతోనే. విలువకి రుజువు ఉండటం ఇంకోలా కూడా ముఖ్యం. టెక్సస్ చట్టంలో 2,500 డాలర్లు దాటిన దొంగతనం ఫెలనీ (పెద్ద నేరం) అవుతుంది. 14 క్లబ్బులున్న మంచి కిట్ ఆ గీత తేలిగ్గా దాటుతుంది.

గోల్ఫ్ ఆడే చోట, క్లబ్‌హౌస్‌లోనే లాకర్ తీసుకుంటే? మెంబర్‌షిప్ ఉంటే తీసుకోండి, పోతే మా పూచీ లేదన్న బోర్డు కూడా చదవండి. మాస్టర్స్ గోల్ఫ్ టోర్నీ జరిగే అగస్టా నేషనల్ క్లబ్ గోదాములోంచే ఏళ్ల తరబడి సామాను తరలిపోయింది, అందులో ఆ టోర్నీ గెలిచిన ఆర్నాల్డ్ పామర్ గ్రీన్ జాకెట్ (విజేతకి తొడిగే కోటు) కూడా ఉంది. 2024లో కోర్టులో నేరం ఒప్పుకున్నది బయటి దొంగ కాదు, అక్కడే పనిచేసిన మనిషి. బ్యాగుకి వేసే కేబుల్ తాళాలంటారా, కట్టర్ ముందు అవెంత.

అద్దెలో ఉంటే రెంటర్స్ పాలసీ చాలు, దానికి తోడు ట్యాగ్ సరదా. సొంతిల్లుంటే ముందు డిడక్టిబుల్ చూడండి. నేనైతే రైడర్‌కే వెళ్లాను. పోయిన నెల ఏజెంటు ఫోన్లో లిస్టు చదివి వినిపించింది: హారం, వడ్డాణం, రెండు జతల గాజులు, డ్రైవర్, పటర్. వడ్డాణం పక్కన నా పటర్ ఏంటని మా ఆవిడ ఇంకా అడుగుతూనే ఉంది.