తిరుపతిలో కొన్న ఫ్లాస్కు, హా లోయ ఆదివారాలు: తొమ్మిదేళ్ళ వాడకం తర్వాత

లీటరు పట్టే స్టీలు ఫ్లాస్కు. రెండు గోడలు, మధ్యలో గాలి తీసేసిన ఖాళీ, నొక్కితే పోసుకునే బటన్ మూత, పైన కప్పు. 2016 ఎండాకాలంలో తిరుపతి గాంధీ రోడ్డులో 850 రూపాయలకు కొన్నాం. ఆర్మీలో ఉండిన మా ఆయనకు భూటాన్ పోస్టింగ్ వచ్చిందని తెలిసిన వారంలోనే. ఆ మోడల్ ఇప్పుడు దొరకడం లేదు కాబట్టి కంపెనీ పేరుతో పనిలేదు. ఇట్లాంటి స్టీలు ఫ్లాస్కు ఏది కొనేవాళ్ళకైనా నా అనుభవం పనికొస్తుందని రాస్తున్నాను.

చెన్నైలో రైలెక్కి, న్యూ జల్పాయిగురిలో దిగి, కొండల కింద సరిహద్దులో ఉండే ఫుంట్‌షోలింగ్ మీదుగా కొండలెక్కి హా చేరుకున్నాం. భూటాన్ పడమటి అంచున ఉండే లోయ అది. భూటాన్ సైన్యానికి శిక్షణ ఇచ్చే మన మిలిటరీ ట్రైనింగ్ టీమ్, అందరూ ఇమ్‌ట్రాట్ అంటారు, 1962 నుంచి అక్కడే ఉంది. పాపకు అప్పుడు ఎనిమిదేళ్ళు, బాబుకు ఏడాది. చిత్తూరు ఎండల్లో పెరిగినదాన్ని, జూన్‌లో కూడా స్వెట్టర్ వేసుకోవాల్సి వస్తుందని నేను అనుకోలేదు.

అక్కడ మొదట తెలిసిన సంగతి, నీళ్ళు తొందరగా మరుగుతాయి కానీ కావలసినంత వేడెక్కవు. హా సుమారు 2,700 మీటర్ల ఎత్తులో ఉంటుంది. ఎత్తు మూడు వందల మీటర్లు పెరిగేకొద్దీ నీళ్ళు మరిగే వేడి దాదాపు ఒక డిగ్రీ తగ్గుతుంది. తిరుపతిలో నూరు డిగ్రీల దగ్గర మరిగే నీళ్ళు అక్కడ 91కే తెర్లుతాయి. కుక్కర్ లేకుండా అన్నం ఉడకడానికే చాలాసేపు పడుతుంది, పప్పు సంగతి చెప్పనే అక్కర్లేదు. ఫ్లాస్కు విషయంలో దీనికి అర్థం ఏమంటే, మనం నింపేదే తక్కువ వేడి నీళ్ళు. డబ్బా మీద 24 గంటలు వేడి అని రాసుంది. హాలో పొద్దున ఆరుకు నింపితే పదకొండుకు ఊదుకుంటూ తాగే వేడి, మధ్యాహ్నం మూడుకు నేరుగా తాగే వేడి, రాత్రికి గోరువెచ్చన. అదే ఫ్లాస్కు తర్వాత తిరుపతిలో రాత్రి ఎనిమిదికి కూడా కాఫీకి పనికొచ్చే వేడి ఇచ్చేది. నింపే ముందు వేడి నీళ్ళు పోసి ఐదు నిమిషాలుంచి పారబోస్తే ఇంకో గంటా గంటన్నర జాస్తి నిలుస్తుంది. ఈ చిట్కా చెప్పింది పక్క క్వార్టర్‌లో ఉండిన వేలూరు అక్క.

ఆర్మీ ఇంట్లో ఆదివారం మన చేతిలో ఉండదు. శనివారం రాత్రి దాకా పోతామో లేదో తెలియదు, పొద్దున ఎనిమిదికి "సరే, బయలుదేరండి" అంటారు. అప్పుడు వంట మొదలుపెడితే ఎండ తగ్గే వేళకు గాని గడప దాటం. అందుకని నేను శనివారమే అటుకులు, వేయించిన వేరుశనక్కాయల పొడి, చింతపండు గొజ్జు కట్టిపెట్టేదాన్ని. పొద్దున లేవగానే ఫ్లాస్కు నింపేదాన్ని, పోయినా పోకపోయినా. ఎక్కడ ఆగితే అక్కడ అటుకుల మీద వేడి నీళ్ళు చల్లి, గొజ్జు కలిపితే ఐదు నిమిషాల్లో పులిహోర. బాబుకు పాలపొడి కూడా ఆ నీళ్ళతోనే. దారిలో హోటళ్ళు ఉన్నాయి, మన రూపాయలు కూడా అక్కడ వాళ్ళ ఙుల్‌ట్రమ్‌తో సమానంగా చెల్లుతాయి. కానీ మిరపకాయల్నే కూరగా చీజ్‌లో ఉడికించే ఎమా దాత్షి ఏడాది పిల్లాడికి పెట్టలేం కదా. అదే హోయెంతే అనే హా వంటకం మాకు బాగా నచ్చింది. బక్‌వీట్ అనే గింజల పిండిలో ఆకుకూర, చీజ్ పెట్టి మడుస్తారు. మా పాప చూడగానే "అమ్మా, కజ్జికాయలు" అని అరిచింది.

ఒక ఆదివారం చెలెలా కనుమకు పోయాం. 3,988 మీటర్ల ఎత్తు, హా నుంచి గంట పైన ప్రయాణం. గాలికి వేల జెండాలు పటపటమంటుంటాయి. మబ్బు లేకపోతే జొమొల్హరి మంచుకొండ కనిపిస్తుంది. ఆ చలిలో టీ కలుపుదామని మూత సగం తిప్పానో లేదో, బుస్సుమని నీళ్ళు పొంగి నా ఎడమ చేతి మీద పడ్డాయి. బొబ్బలెక్కాయి. ఫ్లాస్కు పాడైందనుకున్నాను. కారణం తర్వాత మా ఆయన చెప్పారు. కింద 91 డిగ్రీల్లో మూసిన నీళ్ళు పైకి వచ్చేసరికి ఇంకా 89 దగ్గర ఉంటాయి. ఆ ఎత్తులో 87కే నీళ్ళు మరుగుతాయి. మూత తీయగానే ఒత్తిడి తగ్గి ఒక్కసారిగా తెర్లుతాయి. కాబట్టి కొండెక్కేవాళ్ళు ఫ్లాస్కును మెడ దాకా నింపొద్దు. రెండు వేళ్ళ ఖాళీ వదలండి. మూతను కాస్త వదులు చేసి, ఆవిరి పోయాక తీయండి. పిల్లల చేతికి అసలు ఇవ్వొద్దు. కిందికి దిగేటప్పుడు ఇంకో రకం ఇబ్బంది. పైన మూసిన ఫ్లాస్కు ఫుంట్‌షోలింగ్ చేరేసరికి లోపలికి పీల్చుకొని బిగుసుకుపోతుంది. మూత మీద వేడి నీళ్ళు పోస్తే వదులుతుంది. బలంగా తిప్పి మూత మర పాడుచేసుకోవద్దు.

రెండో దెబ్బ పునాఖా ప్రయాణంలో. రెండు రోజుల సెలవు దొరికిందని తెల్లవారుజామునే పాలు కలిపిన టీ నింపుకొని బయలుదేరాం. దారిలో దోచులా కనుమ దగ్గర 108 స్తూపాలున్నాయి. 2003లో తిరుగుబాటుదారులతో పోరాడి చనిపోయిన భూటాన్ సైనికుల జ్ఞాపకార్థం కట్టించారు. మా ఆయన టోపీ తీసి, ఏమీ మాట్లాడకుండా, కుడివైపుగా ప్రదక్షిణ చేసి వచ్చారు. పాప వేలు పట్టుకొని వెనకే నడిచింది. అక్కడ తాగిన టీ బాగానే ఉంది. పునాఖా లోయ వెచ్చగా ఉంటుంది. రెండు నదులు కలిసే చోట 1637లో మొదలుపెట్టి కట్టిన కోట చూసి, సాయంత్రం మిగిలిన టీ తాగాం. విరిగిపోయింది. వాసన పట్టుకోలేకపోయాం, పాపకు రాత్రంతా వాంతులు. తప్పు ఫ్లాస్కుది కాదు, నాది. గోరువెచ్చగా మిగిలిన పాలలో క్రిములు పెరగడానికి ఇంతకంటే మంచి చోటు లేదు. అప్పటి నుంచి ఇందులో పాలు పోయలేదు. నీళ్ళో, డికాషనో, అంతే.

కానీ ఆ టీ వాసన బటన్ మూతలోంచి నెల రోజులు పోలేదు. ఇది నిజంగా ఈ ఫ్లాస్కు లోపమే. బటన్ లోపల స్ప్రింగు, సన్నని దారి, అక్కడికి బ్రష్ పోదు. వేడి నీళ్ళలో వంటసోడా కలిపి రాత్రంతా నానబెట్టి, రెండుసార్లు చేస్తే గాని వదల్లేదు. కొనేవాళ్ళు మామూలు మర మూత ఉన్నదే తీసుకోండి.

పారో దగ్గర కొండ మీద ఉండే తక్త్‌సాంగ్ మఠానికి ఎక్కిన రోజు ఫ్లాస్కు పాప చేతిలోంచి జారి మెట్ల మీద దొర్లుకుంటూ పోయింది. అడుగున పెద్ద సొట్ట. లోపలి ఖాళీలోకి గాలి చొరబడితే ఫ్లాస్కు ఇక మామూలు చెంబే. అది తెలుసుకోవడం సులభం. మరిగే నీళ్ళు పోసి ఐదు నిమిషాల తర్వాత బయట చేత్తో తడమాలి. వేడి తగిలితే పోయినట్టు. మాది చల్లగానే ఉంది. ఈ విషయంలో దానికి నూటికి నూరు మార్కులు. సొట్ట వల్ల సరిగా నిలబడదు, ఒక పక్కకు ఒరుగుతుంది, అంతే.

ఒక ఆదివారం మాత్రం బూట్లు వేసుకొని, సంచులు తీసుకొని గుమ్మంలో నిలబడ్డాక ఫోన్ వచ్చింది. ఆయన యూనిఫాం మార్చుకొని వెళ్ళిపోయారు. పాప బూట్లు విప్పనని మొండికేసింది. వరండాలో దుప్పటి పరిచి, అటుకులు కలిపి, అక్కడే పిక్నిక్ అన్నాను. ఎదురుగా మూడు కొండలు, కింద తెల్ల గుడి, నల్ల గుడి. ఆయన వచ్చేసరికి సాయంత్రం ఐదు దాటింది. ఫ్లాస్కులో ఒక కప్పు నీళ్ళు మిగిల్చి పెట్టింది పాప. "నాన్నా, ఇంకా వేడిగానే ఉన్నాయి" అని తనే టీ కలిపి ఇచ్చింది. అది ఆమె పెట్టిన మొదటి టీ.

2019లో తిరిగొచ్చాం. ఇప్పుడు ఆయన పింఛన్‌దారు, మేం తిరుపతిలోనే ఉంటున్నాం. ఇక్కడ ఫ్లాస్కు పని తారుమారైంది. ఎండాకాలంలో మజ్జిగ చల్లగా ఉంచడానికే ఎక్కువ వాడేవాళ్ళం. చంద్రగిరి కోటకు, తలకోనకు అదే తోడుండేది. ఐసు వేసిన మజ్జిగ మధ్యాహ్నం రెండుకు కూడా పళ్ళు జివ్వుమనేంత చల్లగా ఉండేది. ఇబ్బందల్లా మూతి ఇరుకు, ఫ్రిజ్ ఐసు ముక్కలు దూరవు, పగలగొట్టి వేయాలి. తిరుమలలో ప్లాస్టిక్ నీళ్ళ సీసాలు ఆపేశాక కొండకు కూడా తీసుకుపోయేవాళ్ళం. కానీ అలిపిరి 3,550 మెట్లు నడిచేవాళ్ళు ఒక మాట వినండి. నిండితే కిలోన్నర పైన బరువు. భుజం లాగేస్తుంది, అర లీటరుది చాలు.

నాలుగో ఏడు మూతలో ఉండే రింగు వదులై, నీళ్ళు కారి సంచి తడిసింది. కొన్న చోట అడిగితే రింగు ఒక్కటే రాదు, కొత్త ఫ్లాస్కు తీసుకోండన్నారు. ఇంత గట్టి వస్తువును ముప్పై రూపాయల రింగు కోసం పారేయమనడం నాకు ఇప్పటికీ మింగుడుపడలేదు. చివరికి కుక్కర్లు బాగుచేసే ఒకాయన పాత రింగు పక్కన పెట్టి చూసి, సరిపోయే సిలికాన్ రింగు వేసిచ్చారు. బయటి రంగు సగం ఊడింది. లోపల స్టీలు మాత్రం ఎక్కడా తుప్పు పట్టలేదు.

ఈ ఏడు పాప కాలేజీకి విశాఖ వెళ్ళింది. హాస్టల్‌కు కొత్తది కొనిస్తానంటే వద్దంది, సొట్టదే కావాలంది. ఇచ్చేశాను. మా ఇద్దరికీ మర మూత, వెడల్పు మూతి ఉన్నది 1,300కు కొన్నాను. కొనేటప్పుడు కొట్లోనే వేడి నీళ్ళు పోయించి బయట తడిమి చూశాను, రింగులు విడిగా దొరుకుతాయో లేదో ముందే అడిగాను. దొరుకుతాయన్నారు. మూడు తీసుకున్నాను.