అక్షరం లేని ఆ రెండు పేజీల కోసం

అన్నం పళ్లెంలోకి ఎట్లా వస్తుందో చూపే ఈ 24 పేజీల బొమ్మల పుస్తకంలో అసలు బలం నడుమ ఉంది. 12, 13 పేజీల్లో ఒక్క అక్షరం లేదు, బడి వంటగది బొమ్మ ఒక్కటే. పొయ్యి దగ్గర ఇద్దరు, బియ్యం చెరిగే ఆమె, గుడ్ల అట్టలు దించే ఆటో మనిషి. వెనక మూల, కుళాయి దగ్గర, గిన్నెలు తోముతున్న ముసలామె. ఆమె బొమ్మ బొటనవేలంతే ఉంటుంది. పిల్లల కళ్లు ముందు గుడ్ల మీదికి పోతాయి, ఆమె చివరికి గానీ కనబడదు. కనబడ్డాక మాత్రం "మన బడిలో ఎవరు తోముతారు సార్?" అని వాళ్లే అడుగుతారు. పాఠం అక్కడే మొదలు.

ఆ ప్రశ్న వాళ్ల నోట రావాలంటే వేళ చూసుకోవాలి. అన్నానికి ముందు తెరిస్తే ఆకలి తప్ప ఏమీ పట్టదు. తిన్న వెంటనే తెరవండి, అప్పటికి మన వంటక్కలు ఇంకా గిన్నెల దగ్గరే ఉంటారు, పోయి చూడొచ్చు. అర్ధచంద్రాకారంలో 15 మందికి మించి కూర్చోబెట్టకండి, వెనకవాళ్లకు ముసలామె కనబడదు. నున్నటి కాగితం కాబట్టి కిటికీకి ఎదురుగా పట్టుకుంటే మెరుపు తప్ప బొమ్మ తెలియదు. తెరిచాక ఒక నిమిషం మాట్లాడకండి. తర్వాత "ఎవరెవరు ఏం పని చేస్తున్నారు?" అని మాత్రమే అడగండి. "ఎవరికి థాంక్స్ చెప్పాలి?" అన్నామా, అమ్మకు, నాన్నకు, టీచరుకు అని కోరస్ వస్తుంది, ఆలోచన ఆగిపోతుంది. ఆ తర్వాత వంటక్కలకు థాంక్స్ కార్డులు రాయించేటప్పుడు బోర్డు మీద నమూనా వాక్యం వద్దు, అందరూ అదే దించేస్తారు. ఎవరు, ఏం చేశారు, ఆ పని జరగకపోతే ఏమయ్యేది, ఈ మూడూ సొంత మాటల్లో రానివ్వండి. కార్డు ఇవ్వడానికి ఇద్దరు పిల్లలు వంటగదికే పోవాలి. ప్రార్థనలో అందరి ముందు నిలబెట్టి చప్పట్లు కొట్టిస్తే వంటక్కలు ఇబ్బంది పడతారు.

చివరి పేజీ మీద మాత్రం నాకు కోపమే. పళ్లెం ముందు పిల్లలు చేతులు జోడించి, పెట్టినవారికి మొక్కుతుంటారు. బడి భోజనం దానం కాదు, 2013 ఆహార భద్రత చట్టం ఇచ్చిన హక్కు. మేలు గుర్తించాల్సింది పని చేసిన చేతులది. మన ఆంధ్రప్రదేశ్‌లో బడి భోజన పథకానికి పేరైన డొక్కా సీతమ్మ కూడా ఆకలితో వచ్చినవారికి స్వయంగా వండిపెట్టిన మనిషే. ఆ పేజీకి క్లిప్పు పెట్టి మూసేయడం మేలు.

ఇంత మెచ్చుకున్న నడుమ పేజీలే ముందు ఊడతాయి. పుస్తకాన్ని పట్టి ఉంచే రెండు పిన్నులూ అక్కడే ఉన్నాయి, మళ్లీమళ్లీ బల్లపరుపుగా విప్పేదీ అక్కడే, దాంతో రంధ్రాలు చీలుతాయి. సెల్లోటేపు వేస్తే అనంతపురం ఎండకు ఒక్క వేసవిలో పసుపెక్కి, జిగురు కారి, ముసలామె బొమ్మ మీదికే జారుతుంది. పిన్నులు తీసేసి, మడత మీద ఐదు రంధ్రాలు చేసి, మైనం పూసిన నూలుదారంతో కుట్టండి. వీపు మీద రెండంగుళాల గుడ్డపట్టీ తెల్ల గమ్‌తో అతికించి, రాత్రంతా బరువు కింద పెట్టండి. మైదా గంజి వాడితే పురుగు పడుతుంది.

పొలం బొమ్మలన్నీ కాలువ కింది వరిమళ్లే. ఏడాదికి 500-550 మిల్లీమీటర్ల వానే పడే మా జిల్లాలో పిల్లలకు అది దూరపు ఊరు. అక్కడ బడి భోజనంలో ఇచ్చే శెనక్కాయ చిక్కీ పట్టుకోండి. శెనక్కాయ విత్తడం, చెట్లు పీకడం, కాయలు కోయడం, ఒలవడం, బెల్లం పాకం పట్టడం, వరుసగా ఐదు చీటీల మీద బొమ్మలు వేయించి ఆ పేజీల్లో పెట్టండి. చాలామంది ఇళ్లలో ఆ పనులు చేసేవాళ్లే ఉంటారు కాబట్టి మాటలు వాటంతటవే వస్తాయి.

రెండు, మూడు తరగతులు ఒకే గదిలో కలిపి చెప్పే మా బడిలాంటి చోట, వంటగది ఆవరణలోనే ఉంటే, కొనమనే చెబుతాను. ఒకటో తరగతికి బొమ్మలో మనుషులు ఎక్కువై చూపు నిలవదు. అన్నం వేరే చోట వండి బండిలో వచ్చే బడులకైతే నడుమ పేజీల బలం సగమే. అక్కడ వడ్డించేవారితో, బండి నడిపే మనిషితో మొదలుపెట్టి చూడాలి.