డిగ్రీ జీవశాస్త్రంలో అభ్యసన ఫలితాలను లెక్కించే సాఫ్ట్‌వేర్: మూడు సెమిస్టర్లు వాడిన తర్వాత

నేను ఒక డిగ్రీ కాలేజీలో వృక్షశాస్త్రం బోధిస్తాను. కాలేజీల నాణ్యతను మదింపు చేసే నాక్ బృందం రావడానికి ముందు, కోర్సు ఫలితాలు (ఒక పేపరు చదివాక విద్యార్థికి రావలసినవి), ప్రోగ్రామ్ ఫలితాలు (డిగ్రీ ముగిసేసరికి రావలసినవి) ఎంతవరకు నెరవేరాయో లెక్కించే సాఫ్ట్‌వేర్‌ను మా కాలేజీ ఏడాది చందా కట్టి తీసుకుంది. అప్పటిదాకా ఆ లెక్కలను ఎక్సెల్ షీట్లలో ఒక్కో లెక్చరర్ ఒక్కో పద్ధతిలో వేసేవాళ్లం. మూడు సెమిస్టర్ల పాటు దీన్ని థియరీకీ, ప్రాక్టికల్స్‌కీ వాడాను కాబట్టి, కొనాలని ఆలోచిస్తున్న సైన్సు విభాగాలకు ఉపయోగపడుతుందని ఈ సమీక్ష రాస్తున్నాను. కంపెనీ పేరు రాయడం లేదు. నేను చెప్పబోయే ఇబ్బందుల్లో ముఖ్యమైనవి సాఫ్ట్‌వేర్‌లో కన్నా మనం పరీక్షలు పెట్టే తీరులోనే ఉన్నాయి.

దీని పనితీరు సులభం. ప్రతి పేపరుకు సీఓలను, అంటే కోర్సు ఫలితాలను నమోదు చేసి, ఒక్కో సీఓకు ప్రోగ్రామ్ ఫలితాలతో ఉన్న సంబంధాన్ని 1, 2, 3 అంకెలతో చూపాలి. మిడ్ పరీక్షలో ప్రతి ప్రశ్న ఏ సీఓ కిందికి వస్తుందో, గుర్తుంచుకోవడం నుంచి విశ్లేషణ, సృజన దాకా ఆలోచనను స్థాయిలుగా విభజించే బ్లూమ్ వర్గీకరణలో ఏ స్థాయిదో గుర్తించి, ప్రశ్నలవారీగా మార్కులు ఎక్కించాలి. మనం పెట్టుకున్న హద్దును ఎంత శాతం విద్యార్థులు దాటారో చూసి అది అటైన్‌మెంట్ స్థాయిని, అంటే ఆ సీఓ ఎంతవరకు నెరవేరిందో ఇస్తుంది. కూడికలు, శాతాలు ఎక్కడా తప్పలేదు. కాలేజీలో నాణ్యత వ్యవహారాలు చూసే ఐక్యూఏసీ అడిగే నమూనాలోనే నివేదిక వస్తుంది, రోజుల తరబడి సాగే పని ఒక మధ్యాహ్నంలో ముగుస్తుంది.

ఇందులో నాకు బాగా నచ్చినది ప్రాక్టికల్స్ కోసం ఉన్న రూబ్రిక్ విభాగం, అంటే ఒక్కో నైపుణ్యాన్ని విడిగా స్థాయిల్లో అంచనా వేసే పట్టిక. ఉల్లి వేరుకొనలతో సమవిభజన స్లైడు చేయించే ప్రయోగాన్నే తీసుకుందాం. మామూలుగా రికార్డుకు కొన్ని మార్కులు, స్లైడుకు కొన్ని, వైవాకు కొన్ని వేసి మొత్తం రాస్తాం. ఆ మొత్తాన్ని చూసి ఏ విద్యార్థికి ఏది రాలేదో చెప్పలేం. ఈ విభాగంలో వేరుకొనను ఆమ్లంలో మెత్తబరచడం, ఎసిటోకార్మైన్ రంగు పట్టించడం, కవర్ స్లిప్ పక్కకు జరగకుండా బొటనవేలితో నొక్కడం, మైక్రోస్కోపులో దశను గుర్తించడం, గుర్తించినదానికి కారణం చెప్పడం అని ఐదు వరుసలు పెట్టుకుని, ఒక్కోదానికి నాలుగు స్థాయిలు రాసుకున్నాను. ల్యాబులో విద్యార్థి పక్కన నిలబడే ఫోనులో నమోదు చేయవచ్చు. మొదటి బ్యాచ్‌లోనే ఒక విషయం స్పష్టంగా బయటపడింది. రికార్డులో మెటాఫేజ్ (సమవిభజనలో ఒక దశ) బొమ్మను చక్కగా గీసి పేర్లు రాసిన అమ్మాయి, తాను చేసిన స్లైడులోనే మెటాఫేజ్ కణం కళ్లెదుట ఉన్నా గుర్తుపట్టలేకపోయింది. క్రోమోజోములు కణం మధ్యలో అడ్డంగా వరుస కట్టి ఉన్నాయి, అయితే ఆమె మనసులో ఉన్నది పుస్తకంలోని గుండ్రని, రంగురంగుల బొమ్మ. ఆమె ఒక్కతే కాదు, దశను గుర్తించే నాలుగో వరుసలో సగం తరగతి కింది స్థాయిలోనే ఉంది. మరుసటి వారం రికార్డు పని పక్కనపెట్టి, స్లైడులు మార్చి మార్చి చూపించాను. పాత పద్ధతిలో ఆ అమ్మాయికి మంచి మార్కులే వచ్చి ఉండేవి, నాకు ఆ సంగతి తెలిసేదే కాదు.

థియరీ విషయంలో ఇంత నమ్మకంగా చెప్పలేను. మాకు 100 మార్కుల్లో 75 విశ్వవిద్యాలయం పెట్టే సెమిస్టర్ పరీక్షవి, 25 ఇంటర్నల్స్‌వి. విశ్వవిద్యాలయం నుంచి ఒక్కో విద్యార్థికి మొత్తం మార్కులే వస్తాయి, ఏ ప్రశ్నకు ఎంత వచ్చిందో రాదు. సాఫ్ట్‌వేర్ ఆ ఒక్క అంకెనే సీఓలన్నిటికీ సమానంగా అంటగడుతుంది. కాబట్టి ఖనిజ పోషణ బాగా వచ్చి, కిరణజన్య సంయోగక్రియ అసలు రాని తరగతికి కూడా రెండు సీఓల్లోనూ దాదాపు ఒకే స్థాయి కనిపిస్తుంది. నివేదికలో ఆ రెండూ పక్కపక్కన పచ్చరంగు గడుల్లో ఉంటాయి. చూసేవారికి అవి విడివిడిగా కొలిచిన ఫలితాలనిపిస్తాయి, ఇది సరికాదు. సెమిస్టర్ పరీక్ష మార్కులు ఏ సీఓకూ ప్రత్యేకంగా చెందవని కనీసం ఒక గమనికైనా నివేదికలో ఉండాలి.

ఛాయిస్ ప్రశ్నల దగ్గర మరో చిక్కు ఉంది. విద్యార్థి వదిలేసిన ప్రశ్న గడిని ఖాళీగా ఉంచితే మొదటి సెమిస్టర్‌లో దాన్ని సున్నాగా లెక్కించింది. తరగతిలో కొద్దిమందే ఎంచుకున్న ప్రశ్న తాలూకు సీఓ పూర్తిగా పడిపోయింది. ఫోన్ చేసి అడిగితే, రాయనివారిని లెక్కలోంచి తీసేసే సెట్టింగ్ ఉందని చెప్పి మార్చారు. ఇప్పుడు ఆ ప్రశ్నను ధైర్యంగా ఎంచుకున్న కొద్దిమంది మార్కులే తరగతి ఫలితంగా నిలుస్తున్నాయి. అందుకే ముఖ్యమైన భావనలపై ఛాయిస్ లేని చిన్న ప్రశ్నలు పెట్టడం మొదలుపెట్టాను.

అలాంటి ఒక ప్రశ్న నన్ను చాలా ఆలోచింపజేసింది. చిన్న వేప మొక్క పదిహేనేళ్లలో పెద్ద మానైంది, నీటిని మినహాయిస్తే ఆ బరువులో ఎక్కువ భాగం ఎక్కడి నుంచి వచ్చింది, కారణం రెండు వాక్యాల్లో రాయండి అని అడిగాను. సగానికి పైగా మట్టి నుంచి, ఎరువు నుంచి అని రాశారు. అదే మిడ్‌లో, మొక్క కార్బన్ డయాక్సైడ్‌ను చక్కెరగా మార్చే కాల్విన్ వలయాన్ని గీయమంటే వాళ్లలో చాలామంది ఒక్క బాణం తప్పకుండా గీశారు, ఆ సీఓకు అన్నిటికన్నా పైదైన 3వ స్థాయి వచ్చింది. గాలిలోని కార్బన్ డయాక్సైడే కాండమవుతుందన్న విషయం వాళ్లు గీసిన వలయంలోనే ఉంది, అయినా దాన్ని చెట్టుతో కలిపి చూడలేదు. 17వ శతాబ్దంలో వాన్ హెల్మాంట్ అనే శాస్త్రవేత్త విల్లో అనే చెట్టు మొక్కను అయిదేళ్లు పెంచినప్పుడు అది 164 పౌండ్ల బరువు పెరిగింది, 200 పౌండ్ల మట్టి మాత్రం రెండు ఔన్సుల మేరకే తగ్గింది. ఆ అంకెలను బోర్డు మీద రాసి చర్చించాకే తరగతిలో కదలిక వచ్చింది.

విద్యార్థుల పొరపాటు ఆలోచనలనే తప్పు జవాబులుగా పెట్టి తయారుచేసిన పరీక్షలు జీవశాస్త్రంలో ఉన్నాయి. ప్రకృతి వరణంపై 2002లో ప్రచురితమైన 20 ప్రశ్నల పరీక్ష, జన్యుశాస్త్రంపై 2008లో వచ్చిన 25 ప్రశ్నల పరీక్ష అలాంటివే. వాటిలో విద్యార్థి ఏ తప్పు జవాబును ఎంచుకున్నాడన్నదే అసలు సమాచారం. ఈ సాఫ్ట్‌వేర్‌లోని బహుళైచ్ఛిక ప్రశ్నల విభాగం ఒప్పా తప్పా అన్నదే దాచుకుంటుంది, ఎంచుకున్న అక్షరాన్ని దాచుకోదు. నా దృష్టిలో దీనిలోని అతి పెద్ద లోటు ఇదే, సరిచేయడం కూడా కష్టమేమీ కాదు. రెండుసార్లు రాశాను, పరిశీలిస్తామన్నారు.

భాష గురించి కూడా చెప్పాలి. ఆంధ్రప్రదేశ్‌లో డిగ్రీ చదువు ఇంగ్లీషు మాధ్యమంలోకి మారాక, ఇంటర్ దాకా తెలుగులో చదివిన పిల్లలకు విషయం తెలిసినా వాక్యం కుదరదు. వేప చెట్టు ప్రశ్నకు తెలుగులో రాసినా పర్వాలేదన్నప్పుడు కారణాలు స్పష్టంగా వచ్చాయి. సాఫ్ట్‌వేర్‌లో తెలుగు ప్రశ్నలు ఎక్కించవచ్చు, అక్షరాలు చెదరవు. ఇది చిన్న సౌకర్యమే అయినా మాకు చాలా ఉపయోగపడింది.

ఫోన్ సహాయం పనిదినాల్లో బాగానే అందుతుంది. చందా విద్యార్థుల సంఖ్యను బట్టి ఉంటుంది, చిన్న కాలేజీలకు భారమే. కేవలం నాక్ నివేదిక కోసమైతే ఒక మంచి ఎక్సెల్ నమూనాతో పని జరిగిపోతుంది. ప్రయోగశాల పనిని దగ్గరగా గమనించాలనుకునే విభాగాలకు మాత్రం రూబ్రిక్ విభాగం ఒక్కదాని కోసమైనా తీసుకోమని చెబుతాను. మా విభాగం మరో ఏడాదికి చందా పొడిగించమని ప్రిన్సిపాల్‌గారికి రాసింది. వచ్చే సెమిస్టర్‌లో వేప చెట్టు ప్రశ్నను పాఠానికి ముందు ఒకసారి, నెల తర్వాత ఒకసారి ఇవ్వాలనుకుంటున్నాను. బహుళైచ్ఛిక ప్రశ్నల్లో విద్యార్థులు ఎంచుకున్న అక్షరాలను, కంపెనీ ఆ లోటు సరిచేసేదాకా నోటు పుస్తకంలోనే రాసుకుంటాను.