హెచ్ఐవీ ఎలా పాకింది: మనిషిని అడగాలా, వైరస్‌ను చదవాలా?

హెచ్ఐవీ ఎవరి నుంచి ఎవరికి పాకిందో తెలుసుకోవడానికి రెండు దారులున్నాయి. కోనసీమలోనైనా, కాకినాడలోనైనా పరీక్షా కేంద్రంలో రోగులకు సలహాలిచ్చే కౌన్సిలర్ చేసే పని మొదటిది. పాజిటివ్ వచ్చిన వ్యక్తితో ఓపిగ్గా మాట్లాడి, భార్యనో భర్తనో కూడా పరీక్షకు తీసుకురమ్మని నచ్చజెబుతారు. ఖర్చు తక్కువ, ఇంకొకరికి త్వరగా మందులు అందుతాయి. కాకపోతే అందరూ అందరికీ తెలిసిన ఊళ్లో పరువు భయం నోరు కట్టేస్తుంది. వ్యాధి బయటపడేసరికి ఏళ్లు గడిచిపోతాయి కాబట్టి జ్ఞాపకాన్నీ పూర్తిగా నమ్మలేం.

రెండోది జన్యు విశ్లేషణ, అంటే వైరస్ జన్యువులను చదవడం. దానికి జ్ఞాపకంతో పని లేదు. హెచ్ఐవీ తనను తాను కాపీ చేసుకునేటప్పుడు తరచూ తప్పులు చేస్తుంది. వేర్వేరు రోగుల వైరస్‌లలో ఆ మార్పులను పోల్చి వంశవృక్షం గీస్తారు. ప్రపంచమంతా పాకిన ప్రధాన రకం 1920ల ప్రాంతంలో ఆఫ్రికాలోని కిన్షాసా నగరంలో మొదలైందని 2014లో అంచనా వేసింది ఇలాగే. అమెరికాకు ఎయిడ్స్ తెచ్చాడని దశాబ్దాలపాటు నిందపడ్డ ఒక విమాన ఉద్యోగి దానికి మూలం కాదని 2016లో తేల్చిందీ ఈ పద్ధతే. అప్పటికి అతను చనిపోయి ముప్పై ఏళ్లు దాటింది. నాకు ఇది చాలా బాధ కలిగించే విషయం.

అయితే ఇద్దరి వైరస్‌లు దగ్గరగా ఉన్నంత మాత్రాన ఒకరు మరొకరికి అంటించారని చెప్పలేం. మధ్యలో పరీక్ష చేయించుకోని మూడో మనిషి ఉండొచ్చు. హెచ్ఐవీ ఉపరకాల్లో మన దేశంలో ఎక్కువగా కనిపించేది ‘సి’ అనే ఉపరకమే, కాబట్టి ఇద్దరిదీ ఒకే ఉపరకమన్నది అసలు ఆధారమే కాదు.

డెల్టా ఊళ్లకు నా ఓటు కౌన్సిలర్‌కే. జన్యు పరీక్ష మందులకు లొంగని వైరస్‌ను పట్టడానికి, ప్రాంతం మొత్తం మీద వ్యాప్తిని అర్థం చేసుకోవడానికి వాడాలి. ఏ ఇంట్లోనూ దోషిని వెతకడానికి వాడకూడదు.