‘ఉన్ని రాలే డార్పర్ పిల్లలు’ ప్రకటన చూసి అడ్వాన్సు వేయకండి

విశాఖ చుట్టుపక్కల గొర్రెలు కొనే ఆలోచన ఉన్నవాళ్ల కోసం ఈ పోస్టు. డార్పర్ అంటే మాంసం కోసం పెంచే విదేశీ గొర్రె జాతి. పెందుర్తి వైపు షెడ్డు పెట్టి ఒకాయన ‘ప్యూర్ డార్పర్, ఉన్ని దానంతటదే రాలిపోతుంది, మందుల ఖర్చు సున్నా’ అంటూ వాట్సాప్ గ్రూపుల్లో అమ్ముతున్నాడు. పిల్ల 35 వేలు. ఆనందపురంలో మా తోటకి ఒక పొట్టేలు పిల్ల, నాలుగు గొర్రె పిల్లలు తీసుకున్నాం.

పొట్టేలు తల నలుపు, ఒళ్లు తెలుపు. అచ్చం డార్పర్ ఫోటోలాగే ఉండేది. పెరిగేకొద్దీ కాళ్లు సాగాయి, చెవులు వేలాడాయి, కొమ్ములు మెలి తిరిగాయి. పశువుల డాక్టరు గారు చూసి ‘ఇది మన నెల్లూరు జోడిపి రక్తమండీ’ అని నవ్వేశారు. జోడిపి అంటే నెల్లూరు గొర్రెల్లో ఒక రకం. దానికీ ఒళ్లు తెల్లగా ఉండి కళ్ల చుట్టూ, దవడ కింద నలుపు ఉంటుంది. డార్పరేమో పొట్టికాళ్లది, పీపాలాంటి ఒళ్లు, చాలావాటికి కొమ్ములే రావు.

గొర్రెల్లో రెండింటి సంగతి ఇంకా ఘోరం. ఏదో ఉన్ని జాతితో కలిపిన పిల్లలట. ఉన్ని రాలలేదు సరికదా వీపు మీద అట్ట కట్టింది. వానల్లో తడిసి, తోక కింద పేడ అంటుకుని, ఈగలు వాలి పురుగులు పట్టాయి. ఫోన్ చేస్తే ‘సీజన్ వస్తే రాలుతుంది సార్’ అన్నాడు. తర్వాత నంబరు బ్లాక్ చేశాడు.

అసలు ఉన్ని రాలడమనే గొప్ప మనకెందుకు? చలిదేశాల్లో ఉన్ని అమ్మితే కత్తిరించిన కూలి కూడా రాని పరిస్థితి, అందుకే వాళ్లకి ఇలాంటి జాతులు కావాలి. మన నెల్లూరు గొర్రెకి ఒంటినిండా వెంట్రుకలే, కత్తెర ఖర్చే లేదు. డార్పర్ కొంటే మాంసం కోసం, త్వరగా బరువు పెరుగుతుందని కొనాలి. ‘మందులక్కర్లేదు’ అన్నది పచ్చి అబద్ధం. ఆ జాతిని 1930ల్లో దక్షిణాఫ్రికాలో పొడి నేలల కోసం తయారుచేశారు. మన సముద్రపు తేమలో నట్టల (కడుపులో పురుగుల) మందు తాగించాల్సిందే. వానలకి ముందు చిటుక రోగం (గొర్రెల్ని హఠాత్తుగా చంపే జబ్బు) టీకా, ఇంకా పీపీఆర్ (గొర్రెలకీ మేకలకీ వచ్చే వైరస్ జబ్బు) టీకా ఏ జాతికైనా తప్పవు.

కొనేముందు తల్లినీ తండ్రినీ షెడ్డులోనే చూపించమనండి. మాకు తండ్రిని వీడియోలో మాత్రమే చూపించాడు. అందులో వెనకాల మనుషులు స్వెట్టర్లు వేసుకుని ఉన్నారు. పెందుర్తిలో స్వెట్టరేంటో! పిల్లల తల్లులకి వీపు మీద ఉన్ని అట్టలున్నాయేమో చేత్తో తడిమి చూడండి. బిల్లు మీద జాతి పేరు రాసి సంతకం పెట్టమనండి. మాకు అమ్మినాయన ‘నమ్మకం మీద వ్యాపారం’ అంటూ ఆ ఒక్కటీ రాయలేదు.

సగం డబ్బు వెనక్కిస్తానని మధ్యవర్తితో కబురంపాడు, ఇంతవరకూ రాలేదు. ఈ మధ్య అదే స్వెట్టర్ల వీడియో వేరే నంబరు నుంచి వచ్చింది. ఈసారి జాతి పేరు ‘కటాడిన్’ (ఇదీ ఉన్ని రాలే విదేశీ జాతే), ధర 40 వేలు.